నలుపు తెలుపు ఫొటో పెద్ద ప్రింటర్‌లో సరిగ్గా రావాలంటే: ముందు గ్రే పట్టీ, తర్వాతే ఫొటో

కలర్ ఫొటో ప్రింటులో చిన్నా చితకా తేడాలు వచ్చినా కొట్టుకుపోతాయి. ఆకాశం ఒక పిసరు ఎక్కువ నీలంగా వచ్చినా, పువ్వు ఎరుపు కాస్త ముదిరినా చూసేవాళ్ల కన్ను సర్దుకుపోతుంది. నలుపు తెలుపు దగ్గర ఆ వెసులుబాటు లేదు. బూడిద రంగులో రవ్వంత ఆకుపచ్చ కలిసినా కన్ను ఇట్టే పట్టేస్తుంది, అదీ ఒక్కో లైటు కింద ఒక్కోలా: కిటికీ దగ్గర పెడితే ఆకుపచ్చగా, బల్బు కింద పెడితే గులాబీగా. ఇది చాలదన్నట్టు రెండో గోల ఒకటి. స్క్రీన్ మీద జుట్టు పోగు పోగునా కనిపించిన చోట కాగితం మీద మసిముద్ద.

ఈ రెండూ వేర్వేరు రోగాలు. ఒకటి గ్రేలోకి రంగు దూరడం, రెండోది నలుపు నుంచి తెలుపు దాకా ఉండాల్సిన మెట్లు సమంగా పడకపోవడం. చాలామంది రెండిటికీ ఒకటే మందు వేస్తారు: ఫొటోషాప్ తెరవడం, కర్వ్ (వెలుగునీడల్ని సర్దే గీత) కాస్త లాగడం, మళ్లీ ప్రింటు తీయడం, నచ్చక ఇంకాస్త లాగడం. నేనూ అదే చేశాను, సగం రోల్ అలాగే పోయింది, చివరికి తేలిందేంటంటే ఫొటోలో తప్పేమీ లేదు, మెరుపు లేని మ్యాట్ కాగితం ఎక్కించి, మెరిసే గ్లాసీ కాగితానికి వాడే నలుపు ఇంకుతో వేస్తున్నాను. అందుకే ఇప్పుడు నా పద్ధతి ఒకటే. మెషీన్, ఇంకు, కాగితం, సెట్టింగులు అన్నీ కలిసి తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు మెట్లుగా ఉండే ఒక గ్రే పట్టీని సరిగ్గా వేసేదాకా ఫొటో జోలికి వెళ్లను. మీరూ వెళ్లకండి.

ఆ బూడిద రంగు ఏ ఇంకుల నుంచి వస్తోంది?

మామూలు కలర్ మోడ్‌లో ప్రింటర్ గ్రేని చాలావరకు సయాన్, మెజెంటా, ఎల్లో చుక్కలు పక్కపక్కన చల్లి, కొంత నలుపు కలిపి తయారు చేస్తుంది. మూడు రంగులూ తూకంలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ఇంకు చిమ్మే నాజిల్ ఒక్కటి మూసుకుపోయినా, గదిలో తేమ మారినా తూకం తప్పుతుంది. ఇంకుల్లో ఏ తేడా లేకపోయినా పైన పడే లైటు మారితే చాలు, రంగు మారినట్టు అనిపిస్తుంది. ప్రింటింగ్ వాళ్లు దీన్నే మెటామెరిజం అంటారు.

దీనికి విరుగుడు రంగు ఇంకుల వాటా తగ్గించి గ్రే ఇంకుల వాటా పెంచడం. ఎప్సన్ 2005లో తెచ్చిన అల్ట్రాక్రోమ్ కే3 ఇంకుల్లో ఆ 3 అంటే మూడు స్థాయిల నలుపే: అసలు నలుపు, లైట్ బ్లాక్, లైట్ లైట్ బ్లాక్. డ్రైవర్‌లో (ప్రింటర్‌ని నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో) కనిపించే అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్ కూడా వాటితోనే వచ్చింది. హెచ్‌పీ డిజైన్‌జెట్ జెడ్3100లో రెండు నలుపులు, రెండు గ్రేలు ఉంటాయి, రంగులు కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్ కూడా మెషీన్‌లోనే ఉంటుంది. కెనాన్ ఇమేజ్‌ప్రోగ్రాఫ్ ప్రో-2000, ప్రో-4000 లాంటి వాటిలో గ్రే, ఫొటో గ్రే అని విడిగా ఉంటాయి. మీ మెషీన్ మూత తీసి కార్ట్రిడ్జ్‌ల వరస ఒకసారి చూసుకోండి, గ్రే ఇంకులు ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టే మీరు ఎంత ఆశించొచ్చో తేలుతుంది. బ్యానర్లు వేసే నాలుగు రంగుల సాల్వెంట్ మెషీన్ అయితే గ్యాలరీ ప్రింటు ఆశించకండి. నల్ల ఇంకు ఒక్కదానితోనే వేయిస్తే రంగు దూరే సమస్య దాదాపు పోతుంది కానీ తెల్లటి భాగాల్లో చుక్కలు ఇసక చల్లినట్టు కనిపిస్తాయి. దూరం నుంచి చూసే బోర్డుకైతే పర్లేదు.

మెషీన్ ఆరోగ్యం

నాజిల్ చెక్ ప్రింటు తీసి, లేత గ్రే గీతల్ని వెలుతురులో పెట్టి జాగ్రత్తగా చూడండి. లైట్ లైట్ బ్లాక్‌లో రెండు గీతలు తెగిపోయినా తెల్లకాగితం మీద కంటికి ఆనవు, కానీ మొహాల మీద చర్మం, మబ్బులు అన్నీ వచ్చేది ఆ ఇంకుతోనే. హెడ్ (నాజిల్స్ ఉండే భాగం) అలైన్‌మెంట్, పేపర్ ఫీడ్ సర్దుబాటు రెండూ వాడబోయే కాగితం మీదే చేయండి, ఎందుకంటే కాగితం మందం మారితే హెడ్‌కి, కాగితానికి మధ్య దూరం మారుతుంది. నెలల తరబడి ఆడని మెషీన్ అయితే పిగ్మెంట్ ఇంకు కార్ట్రిడ్జ్ అడుగున పేరుకుని ఉంటుంది, తయారీదారు అనుమతించిన చోట బయటికి తీసి మెల్లగా ఊపి పెట్టండి. హెడ్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కూడా ఇంకు వేసే హైస్పీడ్ ఆప్షన్ ఆపేయండి. టైం ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. సాదాగా ఉండే గ్రే ఆకాశంలో అడ్డచారలు వచ్చాక మళ్లీ మొదటి నుంచి వేయడం కంటే అదే నయం.

కాగితం, దానికి తగ్గ నలుపు

నేను బోల్తా పడ్డది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను. ఫొటో బ్లాక్ ఇంకు గ్లాసీ, సెమీ గ్లాస్, బరైటా (బేరియం పూత ఉన్న ఫొటో కాగితం) లాంటి వాటికి. మ్యాట్ బ్లాక్ ఇంకు మ్యాట్‌కీ, పత్తితో చేసే కాటన్ రాగ్ కాగితాలకీ. డ్రైవర్‌లో మీరు ఎంచుకున్న మీడియా టైప్‌ని, అంటే కాగితం రకాన్ని, బట్టి మెషీన్ ఏ నలుపు వాడాలో నిర్ణయించుకుంటుంది, అంటే మీడియా టైప్ తప్పు పెడితే నలుపు కూడా తప్పిపోతుంది. మ్యాట్ మీద ఫొటో బ్లాక్ వేస్తే నలుపు రాదు, తడిసి ఆరిన బొగ్గులా ఒక నీరసమైన బూడిద వస్తుంది. నేనేమో అది చూసి ఫొటోలో కాంట్రాస్ట్ పెంచుకుంటూ పోయాను. కొన్ని పాత మెషీన్లలో నలుపు మార్చిన ప్రతిసారీ పైపుల్లో ఇంకు కడిగేస్తుంది, ఆ ఇంకంతా వేస్టే, కాబట్టి మ్యాట్ పనులన్నీ ఒక దఫా, గ్లాసీ పనులన్నీ ఒక దఫా పెట్టుకోండి.

అన్నీ సరిగ్గా పెట్టినా మ్యాట్ నలుపు గ్లాసీ నలుపంత లోతుకి దిగదు. మంచి మ్యాట్ కాగితం మీద డెన్సిటీ (నలుపు ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది, మంచి బరైటా మీద 2.2 దాటుతుంది. అంకెలు చూస్తే తేడా చిన్నదిగా అనిపిస్తుంది గానీ ఇది లాగరిథమ్ లెక్క. 1.7 అంటే పడిన వెలుతురులో 2 శాతం తిరిగొస్తుంది, 2.3 అంటే అర శాతం. అంటే మ్యాట్ మీద మీ అతి నల్లటి నలుపు, బరైటా నలుపు కంటే నాలుగు రెట్లు వెలుతురు వెనక్కి కొడుతోంది. ఇక తెల్లకాగితం సుమారు 90 శాతం వెలుతురు వెనక్కి పంపుతుంది అనుకుంటే, మ్యాట్ ప్రింటు మొత్తం కాంట్రాస్ట్ 45:1 చుట్టుపక్కల. మీ మానిటర్ 1000:1. ఇంత సరుకు అంత చిన్న సంచిలో పట్టాలి, కాబట్టి స్క్రీన్‌లా అచ్చుగుద్దినట్టు రావడం అనే మాటే లేదు. మెట్లన్నీ విడివిడిగా కనిపిస్తూ సంచిలో సర్దుకోవడమే ఖచ్చితత్వం.

బాగా మెరిసే తెల్లకాగితాల్లో చాలావాటికి ఆప్టికల్ బ్రైటెనర్లు కలుపుతారు. అవి అల్ట్రావయొలెట్ తగిలితే నీలంగా వెలుగుతాయి, అది లేని లైటు కింద కాగితం కాస్త పసుపు తిరుగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ గుణం కూడా తగ్గిపోతుంది. నలుపు తెలుపుకి నేను బ్రైటెనర్లు లేని కాగితమే వాడతాను. తెలుపు తక్కువ తెల్లగా ఉంటుంది, కానీ ఇవాళ చూసిందే రేపూ ఉంటుంది.

ఫైలు, మానిటర్

ఫైలు 16 బిట్‌లో ఉంచండి, అందులో గ్రే మెట్లు ఎక్కువ ఉంటాయి. 8 బిట్‌లో కర్వ్‌లు నాలుగుసార్లు లాగితే ఆకాశంలో పొరలు పొరలుగా చీలిక వస్తుంది, పెద్ద సైజులో అది దాగదు. గ్రేస్కేల్‌కి మార్చేటట్టయితే వర్కింగ్ స్పేస్ (ఫైల్లోని గ్రే అంకెలు ఎంత ముదురో తేల్చే సెట్టింగ్) ఏముందో చూసుకోండి. ఫొటోషాప్‌లో చాలాసార్లు డాట్ గెయిన్ 20 శాతం అని ఉంటుంది, అది ఆఫ్‌సెట్ ప్రెస్సుల కోసం పెట్టింది, మన పనికి గ్రే గామా 2.2 పెట్టుకోవడం మేలు. రంగు టోన్ ఏమైనా ఇవ్వాలంటే ఆర్‌జీబీలోనే ఉంచండి. రిజల్యూషన్ సంగతి: ఎప్సన్ అయితే అంగుళానికి 360 పిక్సెళ్లు, కెనాన్, హెచ్‌పీ అయితే 300 అనుకుంటే చాలు. 24 అంగుళాల వెడల్పుకి 300 చొప్పున 7200 పిక్సెళ్లు కావాలి. అన్ని లేకపోతే 200కి కాస్త అటూ ఇటూగా ఉన్నా గోడ మీద బాగానే ఉంటుంది, దానికి టెన్షన్ పడకండి.

ప్రింటు చీకటిగా వస్తోందని గోల పెట్టేవాళ్లలో ఎక్కువమంది మానిటర్ వెలుతురు పూర్తిగా పెంచుకుని కూర్చున్నవాళ్లే. క్యాలిబ్రేటర్‌తో చదరపు మీటరుకు 80 నుంచి 100 క్యాండెలాల మధ్య పెట్టండి, గది మసక వెలుతురులో ఉంచండి. ఇది చేశాక సగం ఫిర్యాదులు వాటంతటవే పోతాయి. ఆ తర్వాత సాఫ్ట్ ప్రూఫ్‌లో (ప్రింటు ఎలా రాబోతోందో స్క్రీన్ మీదే చూపించే చోట) కాగితం రంగు చూపించే ఆప్షన్ పెడితే ఫొటో ఒక్కసారిగా చచ్చుబడిపోయినట్టు కనిపిస్తుంది, మొదటిసారి చూసినప్పుడు గుండె జారుతుంది, కానీ కాగితం మీద రాబోయేదానికి అదే దగ్గర.

ఏ దారిలో వేయాలి

మూడు దారులున్నాయి. మొదటిది డ్రైవర్‌లో ఉన్న బ్లాక్ అండ్ వైట్ మోడ్. ఫొటోషాప్ ప్రింట్ విండోలో రంగుల బాధ్యత ప్రింటర్‌కి అప్పగించి, డ్రైవర్‌లో ఆ మోడ్ పెట్టాలి. గ్రే ఇంకులు ఎక్కువ, రంగు ఇంకులు చిటికెడు, కాబట్టి లైటు మారినా ప్రింటు నిలకడగా ఉంటుంది. ఎప్సన్ అయితే న్యూట్రల్, కూల్, వార్మ్, సెపియా అని ఉంటాయి, పక్కనే టోన్ అని, ప్రింటు ఎంత ముదురుగా రావాలో చెప్పేది ఇంకోటి. ఆ టోన్‌లో మొదట ఉన్నదే సరైనదని అనుకోకండి, మొదట ఉన్నది తరచుగా మీ ఫొటోకి చీకటే అవుతుంది, పట్టీ వేసి చూసి తేల్చుకోవాల్సిందే.

రెండోది ఐసీసీ ప్రొఫైల్‌తో (ఈ ప్రింటర్, ఈ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలుతో) కలర్ మోడ్‌లో వేయడం. ఇక్కడ రంగుల బాధ్యత ఫొటోషాప్‌ది, డ్రైవర్‌లో కలర్ సర్దుబాటు పూర్తిగా ఆపేయాలి. ప్రింట్ విండోలో రెలెటివ్ కలరిమెట్రిక్ ఎంచుకుని, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌కి టిక్ పెట్టండి. షాడోలు (నీడ భాగాలు) నీలం వైపు చల్లగా, హైలైట్లు (వెలుగు భాగాలు) పసుపు వైపు వెచ్చగా ఉండే స్ప్లిట్ టోన్ ఫొటోలకు ఇదే దారి, ఎందుకంటే డ్రైవర్ మోడ్ మీ ఫైల్లోని రంగుల్ని లెక్కచేయదు. ప్రొఫైల్ మంచిదైతే గ్రే బాగానే వస్తుంది, కాకపోతే లైటు మారితే మారే గుణం కొంత ఉంటుంది.

ఈ రెండు దారుల్నీ కలిపేయడమే అందరూ చేసే తప్పు. ఫొటోషాప్ ఒకసారి మార్చి పంపుతుంది, డ్రైవర్ దాన్నే ఇంకోసారి మారుస్తుంది. ప్రింటు మొత్తం ఒకే రంగులోకి తిరిగి, కాంట్రాస్ట్ విచిత్రంగా ఉంటే ముందు దీన్నే అనుమానించండి.

మూడోది రిప్ సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ బదులు ప్రింటర్‌ని నడిపే వేరే ప్రోగ్రామ్. రాయ్ హారింగ్టన్ తయారు చేసిన క్వాడ్‌టోన్ రిప్ ఎప్సన్ వాడేవాళ్లలో బాగా పేరున్నది, ఏ ఇంకు ఎక్కడ ఎంత పడాలో మీరే రాసుకోవచ్చు. జాన్ కోన్ పియెజోగ్రఫీ ఇంకో అడుగు ముందుకెళ్లి, రంగు ఇంకులే తీసేసి వాటి స్థానంలో రకరకాల గ్రేలు నింపుతుంది, ఫలితం అద్భుతం, కానీ ఆ మెషీన్ ఇక నలుపు తెలుపుకే అంకితం. నెలకి నాలుగు ప్రింట్లు తీసేవాళ్లకి ఇదంతా గోటితో పోయేదానికి గొడ్డలి వాడటమే. డ్రైవర్ మోడ్‌తో మొదలుపెట్టండి.

పట్టీ

ఇక అసలు పని. ఫొటోషాప్‌లో 0, 5, 10 అంటూ 100 శాతం నలుపు దాకా 21 గళ్ల పట్టీ చేసుకోండి. ఒక్కో గడి కొలిచే పరికరం నోరు పట్టేంత పెద్దగా ఉండాలి. ఫొటోకి ఏ సెట్టింగులు వాడబోతున్నారో అక్షరాలా అవే పెట్టి ప్రింటు తీసి, ఆరనివ్వండి. ఇంకు ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ కొలతకి ఒక రోజు ఆగడం మంచిది.

ఐ1ప్రో, కలర్‌మంకీ లాంటి స్పెక్ట్రోతో ప్రతి గడిలో ఎల్, ఏ, బీ విలువలు రాసుకోండి. ఎల్ అంటే వెలుతురు, 0 నలుపు, 100 తెలుపు. ఏ తక్కువైతే ఆకుపచ్చ, ఎక్కువైతే మెజెంటా. బీ తక్కువైతే నీలం, ఎక్కువైతే పసుపు. మెట్ల రోగం ఎల్‌లో కనిపిస్తుంది, రంగు రోగం ఏ, బీలలో కనిపిస్తుంది. మొదట్లో రెండూ వేర్వేరని చెప్పింది ఇందుకే.

ఎల్ లెక్క సులభం. కాగితం 96, అతి నలుపు 16 వచ్చాయనుకుందాం, మధ్యలో 80, మెట్లు 20, అంటే మెట్టుకి సుమారు 4 చొప్పున దిగాలి. బరైటా మీద నలుపు 5 దాకా దిగితే మెట్టుకి నాలుగున్నర. ఇప్పుడు మీ అంకెలు చూడండి. 85 శాతం గడికీ 90 శాతం గడికీ మధ్య ఎల్‌లో 1 మాత్రమే తేడా ఉంటే జుట్టు మసిముద్ద ఎందుకయిందో తెలిసిపోయింది. ఒక్కోసారి 95 శాతం గడి 100 శాతం గడి కంటే నల్లగా వస్తుంది, అది కాగితం తాగలేనంత ఇంకు పడుతోందనడానికి గుర్తు. అప్పుడు తక్కువ ఇంకు వేసే మీడియా టైప్‌కి మారండి, లేదా డ్రైవర్‌లో ఇంకు డెన్సిటీ కొద్దిగా తగ్గించండి. ఇంకు సరైన మోతాదుకి వచ్చాక కూడా మెట్లు వంకరగా ఉంటే టోన్ సెట్టింగ్ ఒక మెట్టు మార్చి మళ్లీ పట్టీ వేయండి. ఇంకా మిగిలిపోయిన వంకరకి క్వాడ్‌టోన్ రిప్‌తో వచ్చే చిన్న పరికరంతో ఆ అంకెల నుంచే గ్రే ప్రొఫైల్ చేసుకోవచ్చు, అది డ్రైవర్ మోడ్‌కి కూడా పనికొస్తుంది. అంత ఓపిక లేకపోతే ఒక కర్వ్ లేయర్ చేసి, దానికి ఆ కాగితం పేరే పెట్టి, ప్రింటుకి ముందు పైన పరచండి. అసలు ఫొటోలో మాత్రం కలిపేయకండి, కాగితం మారిన రోజు మొదటికే మోసం వస్తుంది.

ఏ, బీ విలువలు సున్నా రావాలని పట్టుబట్టకండి. కాగితానికే బీ 3 ఉంటే దాని మీద సున్నా గ్రే నీలంగా కనిపిస్తుంది. కాగితం విలువ నుంచి నలుపు విలువ దాకా నెమ్మదిగా జారుతూ వస్తే చాలు, కంటికి అదే న్యూట్రల్. గళ్లన్నీ ఒకే వైపు ఒరిగి ఉంటే డ్రైవర్‌లోని రంగు చక్రాన్ని ఎదురు వైపుకి ఒక్క పిసరు జరపండి, సరిపోతుంది. లేత గళ్లు ఆకుపచ్చకీ ముదురు గళ్లు మెజెంటాకీ లాగుతుంటే ఆ చక్రంతో పని జరగదు, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. అలాంటప్పుడు మీడియా టైప్ మార్చి చూడాలి, లేదా రిప్ దారి పట్టాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. టోన్, చక్రం, మీడియా మూడూ కలిపి మార్చేసి బాగా వచ్చిందని సంబరపడితే ఎందుకు బాగా వచ్చిందో మీకే తెలియదు.

స్పెక్ట్రో లేనివాళ్లు మామూలు స్కానర్‌తో ఆటో సర్దుబాట్లన్నీ ఆపి పట్టీని స్కాన్ చేస్తే ఏ రెండు మెట్లు కలిసిపోయాయో తెలుస్తుంది. రంగు విషయంలో మాత్రం స్కానర్ మాట నమ్మొద్దు. దానికంటే పట్టీని పగటి వెలుతురులో, ఎల్‌ఈడీ కింద, పాత ఫిలమెంట్ బల్బు కింద పెట్టి చూడటం నయం. ప్రింట్లు చూడటానికి ఉన్న ఐఎస్ఓ 3664 ప్రమాణం ప్రకారం అయితే పగటి వెలుతురు లాంటి డీ50 లైటు, పట్టిపట్టి పోల్చడానికి 2000 లక్స్, ఇంట్లో చూసినట్టు చూడటానికి 500 లక్స్. ప్రింటు చివరికి ఏ గోడ మీద వేలాడబోతోందో తెలిస్తే ఆ లైటు కింద చూడటమే అన్నిటికన్నా ముఖ్యం.

ఫొటో వంతు

పట్టీ కుదిరాక కూడా పూర్తి సైజు ఒక్కసారే వేయకండి. ఫొటోలో చిక్కటి నలుపు, మొహం, తెల్లటి మబ్బు మూడూ తగిలేలా ఒక అడ్డపట్టీ కత్తిరించి అసలు సైజులోనే వేయండి. చిన్న ప్రింటులో బాగున్న నలుపు పెద్ద సైజులో పెద్ద నల్లటి మడుగులా అనిపిస్తుంది, షాడోలు ఒక పిసరు లేత చేయాల్సి రావచ్చు. ఇప్పుడు ఫొటోని లాగండి, అభ్యంతరం లేదు. మ్యాట్ కాగితం ఇంకుని కొద్దిగా పీల్చుకుంటుంది కాబట్టి షార్ప్‌నెస్ స్క్రీన్ మీద కాస్త ఎక్కువైనట్టు అనిపించేంత పెట్టినా కాగితం మీద సరిగ్గా ఉంటుంది. రోల్ చివరికొచ్చేసరికి కాగితం చుట్టుకుపోయి అంచులు హెడ్‌కి రాసుకుంటాయి, ఆ నల్ల గీత చూశాక వచ్చే బాధ వేరు, మందపాటి కాగితమైతే హెడ్ ఎత్తు పెంచుకోండి.

గ్లాసీ మీద వాలుగా చూస్తే నలుపులో రాగి మెరుపు, ఇంకు పడని తెలుపులో వేరే నిగనిగ కనిపిస్తాయి. కెనాన్ క్రోమా ఆప్టిమైజర్, హెచ్‌పీ గ్లాస్ ఎన్‌హాన్సర్ పెట్టింది దీనికోసమే. ఎప్సన్‌లో హైలైట్ పాయింట్ షిఫ్ట్ అనే ఆప్షన్ తెల్లటి చోట్ల కూడా పలచగా చుక్కలు వేస్తుంది. అద్దం ఫ్రేములో పెట్టేదైతే వీటి గురించి బుర్ర పాడుచేసుకోవద్దు, అద్దం వెనక కనపడవు. కాకపోతే ప్రింటు తీసిన రోజే ఫ్రేములో బిగించకండి, ఇంకులోని ద్రావకాలు ఇంకా ఆవిరవుతుంటాయి, అద్దం లోపలి వైపు మసకపొర కడుతుంది. పైన సాదా కాగితం కప్పి ఒకట్రెండు రోజులు ఉంచి, ఆ కాగితం అలలు తిరిగితే మార్చి, తర్వాత ఫ్రేము కట్టించండి.

కుదిరిన పట్టీ వెనక కాగితం పేరు, మీడియా టైప్, ఏ నలుపు, రిజల్యూషన్, టోన్, చక్రం ఎక్కడుంది, డ్రైవర్ వెర్షన్, తేదీ పెన్సిల్‌తో రాసి చీకట్లో దాచండి. ఆరు నెలలకి అదే ఫొటో ఇంకోటి కావాలని ఎవరైనా అడిగితే ముందు అదే పట్టీ మళ్లీ వేసి, ఆరాక 0, 50, 100 గళ్లు మూడు కొలిస్తే చాలు. ఎల్‌లో 1 కంటే ఎక్కువ తేడా వస్తే నాజిల్ చెక్ దగ్గరికి వెళ్లండి, అది శుభ్రంగా ఉంటే కాగితం బ్యాచ్ మారిందేమో చూడండి.